ఎడిసన్ చెత్తగుట్ట: శుభ్రం చేశారు సరే, కాపలా ఎవరిది?

అమెరికాలో ఉండే తెలుగువాళ్లలో ఎడిసన్ పేరు వినని వాళ్లు తక్కువ. న్యూజెర్సీకి వచ్చిన చుట్టాలను ఓక్ ట్రీ రోడ్డుకు తీసుకెళ్లకుండా పంపిస్తే నిష్ఠూరం తప్పదు. చీరలు, నగలు, పచ్చళ్లు, బిర్యానీ అన్నీ ఆ రోడ్డు మీదే. అదే ఊరికి దక్షిణపు కొసన, రారిటన్ నది ఒడ్డున, గడ్డి కప్పుకున్న ఒక గుట్ట ఉంది. దాని పేరు కిన్-బక్ ల్యాండ్‌ఫిల్. దేశంలోని అతి ప్రమాదకరమైన పాత వ్యర్థ స్థలాలకు ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన సూపర్‌ఫండ్ జాబితాలో ఇది 1983లో చేరింది.

మా కౌంటీలో ఇల్లు వెతుక్కునే ప్రతి కుటుంబం ఏదో ఒక రోజు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న వేస్తుంది: "దగ్గర్లో సూపర్‌ఫండ్ సైటు ఉందట, కొనొచ్చా?" సమాధానాలు రెండు రకాలుగా వస్తాయి. "అమ్మో, ఆ వైపే వెళ్లకండి" అని సగం మంది. "అదెప్పుడో క్లీన్ చేసేశారు, ఏం భయం లేదు" అని మిగతా సగం. నేను కెమిస్ట్రీ చదువుకున్నాను, ఇప్పుడు ఇంటి పట్టునే ఉంటున్నాను. పిల్లలు బడికి వెళ్లాక దొరికే కాసింత టైములో ఈపీఏ కాగితాలు చదవడం అలవాటైంది. వాటిని చదివితే ఈ రెండు సమాధానాలూ సరిపోవని తెలుస్తుంది. ఆ గుట్టను కడిగి శుభ్రం చేయలేదు, తాళం వేశారు. తాళం వేసిన ఇంటికి కాపలా కావాలి. ఆ కాపలాకు ముగింపు తేదీ లేదు.

అనుమతితోనే పోశారు

1940ల చివరి నుంచి అక్కడ చెత్త పోస్తున్నారు. 1971 నుంచి 1976 వరకు అది రాష్ట్ర ప్రభుత్వ అనుమతితోనే నడిచిన ల్యాండ్‌ఫిల్. ఇంటి చెత్తతో పాటు ఫ్యాక్టరీల వ్యర్థాలూ అక్కడికే వచ్చేవి. ఈపీఏ లెక్క ప్రకారం 1973 నుంచి 1976 మధ్యలోనే సుమారు 7 కోట్ల గ్యాలన్ల ప్రమాదకర ద్రవ వ్యర్థాలు, 10 లక్షల టన్నులకు పైగా ఘన వ్యర్థాలు ఆ నేలలోకి చేరాయి. గ్యాలన్లంటే అర్థం కాకపోతే ఇలా చూడండి. మన ఊళ్లో అపార్ట్‌మెంటుకు వచ్చే నీళ్ల ట్యాంకరు 5,000 లీటర్లు అనుకుంటే, అలాంటి ట్యాంకర్లు 53,000.

1974లో అక్కడ పాత డ్రమ్ములను బుల్‌డోజరుతో తొక్కించి పూడుస్తుండగా పేలుడు జరిగి, దాన్ని నడుపుతున్న కార్మికుడు చనిపోయాడు. ఆ డ్రమ్ముల్లో ఏముందో ఎవరికీ సరిగ్గా తెలియదు. 1976లో రాష్ట్రం అనుమతి రద్దు చేసింది. 1979లో ఫెడరల్ ప్రభుత్వం కోర్టుకెక్కింది. అప్పటికే గుట్ట అడుగు నుంచి నూనె జిడ్డులాంటి ఊట బయటికి వస్తోంది. చెత్తలోంచి దిగే ఈ మురుగు ఊటనే లీచేట్ అంటారు. అది 'పూల్ సి' అనే మడుగులో చేరి, పక్కనే ఉన్న ఎడ్మండ్స్ వాగు వైపు, అక్కడి నుంచి నది వైపు పాకుతోంది. అందులో పీసీబీలు ఉన్నాయి. ఒకప్పుడు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన రసాయనాలు ఇవి. 1979లో వీటి తయారీని నిషేధించారు. నీళ్లలో కరగవు, తొందరగా విరిగిపోవు. బురదకు అంటుకుని, చేపల కొవ్వులోకి, అక్కడి నుంచి తిన్నవాళ్ల ఒంట్లోకి చేరతాయి.

ఇదంతా ఎవరో అర్ధరాత్రి దొంగచాటుగా చేసిన పని కాదు. ప్రమాదకర వ్యర్థాలు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతున్నాయో లెక్క చెప్పమనే ఫెడరల్ చట్టమే 1976లో వచ్చింది. పాత స్థలాలను బాగు చేయించే సూపర్‌ఫండ్ చట్టం 1980 డిసెంబరులో వచ్చింది. దాని వెనక న్యూయార్క్ రాష్ట్రంలోని లవ్ కెనాల్ ఉదంతం ఉంది. అక్కడ ఒక కంపెనీ 20,000 టన్నులకు పైగా రసాయనాలు పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని ఒక డాలరుకు స్కూల్ బోర్డుకు ఇచ్చింది. దాని మీద బడి, చుట్టూ ఇళ్లు వచ్చాయి. 1978లో కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అక్కడ గొంతెత్తిన వాళ్లలో ఎక్కువమంది ఆ వీధుల గృహిణులే.

క్లీనప్ అంటే తీసేయడం కాదు

కిన్-బక్ విషయంలో ఈపీఏ 1988లో మొదటి నిర్ణయం, 1992లో రెండో నిర్ణయం తీసుకుంది. 1995 నాటికి నిర్మాణ పనులు పూర్తయ్యాయి. వ్యర్థాలను తవ్వి బయటికి పంపలేదు. గుట్ట చుట్టూ భూమిలోకి లోతైన గోడ దింపారు. పైన మూత వేశారు. లోపల ఊరే లీచేట్‌ను తోడి శుద్ధి చేసే ఏర్పాటు చేశారు. రెండో దశలో వాగు, చిత్తడి నేలల్లో పీసీబీలు చేరిన బురదను తవ్వి తీశారు. ఖర్చు, పని బాధ్యులైన సంస్థలవి. పర్యవేక్షణ ఈపీఏది.

అదే ఎడిసన్‌లో ఇంకో సూపర్‌ఫండ్ స్థలం ఉంది. ఒకప్పుడు పురుగుమందులు తయారుచేసిన ఫ్యాక్టరీ స్థలం అది. అక్కడ విషం పట్టిన మట్టిని తవ్వి లారీల్లో బయటికి తరలించారు. ఒకే ఊళ్లో రెండు రకాల వైద్యం ఎందుకు? ఫ్యాక్టరీ స్థలంలో సమస్య మట్టిలో ఉంది, తవ్వి తీసేయొచ్చు. లక్షల టన్నుల చెత్తలో కోట్ల గ్యాలన్ల రసాయనం ఇంకిపోయిన గుట్టను కెలికితే ఆ ఆవిర్లు, ఆ లారీలు, ఆ ఊట కొత్త ప్రమాదాలు తెస్తాయి. అందుకే పెద్ద ల్యాండ్‌ఫిల్స్‌లో చాలాచోట్ల మూత, గోడ పద్ధతినే ఎంచుకుంటారు. అది తప్పు నిర్ణయం అని నేను అనను. దానికి 'క్లీన్ చేసేశారు' అన్న మాట మాత్రం సరిపోదు.

మూత అంటే నాలుగు చెంచాల మట్టి చల్లడం కాదు. బంకమట్టి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ పొర, వాన నీళ్లు పక్కకు జారిపోయేలా ఇసుక పొర, ఆపైన మట్టి, గడ్డి. ఇలాంటి మూతలు ఈ వరసలోనే ఉంటాయి. వాన నీరు లోపలికి దిగకపోతే లీచేట్ పుట్టడం తగ్గుతుంది. గోడకు మట్టితో పాటు బెంటోనైట్ కలుపుతారు. అది నీళ్లు తగిలితే ఉబ్బి సందులు మూసే బంకమట్టి.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఏ గోడా నూటికి నూరుపాళ్లు నీరు ఆపదని ఇంజనీర్లకు తెలుసు. అందుకని గోడ లోపలి నీటిమట్టాన్ని బయటి మట్టం కంటే తక్కువగా ఉంచేలా లోపలి నీళ్లు తోడుతూ ఉంటారు. నీరు పల్లానికే పారుతుంది కదా. గోడలో చిన్న సందు ఉన్నా బయటి మంచి నీరు లోపలికి వస్తుంది తప్ప లోపలి విషం బయటికి పోదు. చాలా తెలివైన ఏర్పాటు. కానీ పంపు ఆగి, ఎవరూ పట్టించుకోక, లోపలి మట్టం బయటి మట్టాన్ని దాటితే ఈ లెక్క తలకిందులవుతుంది. అంటే మనల్ని కాపాడేది గోడ ఒక్కటే కాదు. పంపు, కరెంటు, దాన్ని చూసుకునే మనిషి కూడా.

కాపలా పని ఎలా ఉంటుంది

గోడకు లోపలా బయటా పరిశీలన బోర్లు వేసి, నిర్ణీత గడువుల్లో నీటిమట్టం కొలుస్తారు, నీళ్లు తీసి ల్యాబుకు పంపుతారు. చెత్త కుళ్లితే పుట్టే మీథేన్ వాయువును గొట్టాల ద్వారా బయటికి లాగి, పక్కకు పాకుతోందేమో చూస్తారు. మూత మీద గడ్డి కోయడం కూడా కాపలాలో భాగమే. చెట్లు పెరిగితే వేళ్లు మూతను చీలుస్తాయి. మన పెరట్లో టమాటా మొక్కలు పీకే గ్రౌండ్‌హాగ్ అక్కడ బొరియ తవ్వితే వాన నీటికి దారి దొరుకుతుంది.

వ్యర్థం అక్కడే ఉన్నంతకాలం అయిదేళ్లకోసారి సమీక్ష చేయాలని సూపర్‌ఫండ్ చట్టమే చెబుతోంది. ఆ నివేదికలు ఈపీఏ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అన్ని పేజీలూ చదివే ఓపిక అందరికీ ఉండదు. చివర్లో ఉండే ఒక్క తీర్పు వాక్యం చూడండి. అది సాధారణంగా నాలుగు రకాల్లో ఒకటిగా ఉంటుంది. 'రక్షణ ఉంది' అంటే ఏర్పాట్లు అనుకున్నట్టే పనిచేస్తున్నాయి. 'ప్రస్తుతానికి రక్షణ ఉంది' అంటే ఇవాళ ఎవరికీ తగలడం లేదు, దీర్ఘకాలం నిలవాలంటే ఇంకా పని ఉంది. 'తీర్పు వాయిదా' అంటే సమాచారం చాలలేదు. 'రక్షణ లేదు' అంటే వివరించక్కర్లేదు. ఆ వాక్యం పక్కనే లోపాల పట్టిక ఉంటుంది. ఏ పని, ఎవరు, ఏ తేదీకి పూర్తి చేయాలో అందులో రాస్తారు. పాత నివేదిక, కొత్త నివేదిక పక్కపక్కన పెట్టుకుని, అయిదేళ్ల కిందటి పని ఇంకా అదే పట్టికలో ఉందా అని చూడండి. పిల్లల రిపోర్టు కార్డు చూసే మనకు ఇది కష్టమైన పనేమీ కాదు.

ఇప్పుడెందుకు ఈ మాట

మొదటి కారణం, వెతకాల్సిన రసాయనాల జాబితా మారిపోయింది. 1990లలో బోర్ల పరీక్షలు మొదలైనప్పుడు పీఎఫ్ఏఎస్ అనే మాట మామూలు జనానికి తెలియదు. అంటుకోని పెనాలు, మరకలు పట్టని కార్పెట్లు, మంటలార్పే నురుగులో వాడిన రసాయనాలివి. అవన్నీ చివరికి చేరేది చెత్తలోకే. 2024లో ఈపీఏ తాగునీటిలో పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ అనే రెండింటికి లక్ష కోట్లలో 4 భాగాల పరిమితి పెట్టింది. వాటిని సూపర్‌ఫండ్ చట్టం కింద ప్రమాదకర పదార్థాలుగా కూడా ప్రకటించింది. న్యూజెర్సీ అంతకంటే ముందే, 2020లో సొంత పరిమితులు పెట్టింది. 2021 చివర్లో ఎడిసన్, వుడ్‌బ్రిడ్జ్ ప్రాంతాల్లో చాలా ఇళ్లకు, కుళాయి నీళ్లలో పీఎఫ్ఓఏ రాష్ట్ర పరిమితి దాటిందని నోటీసులు వచ్చాయి. ఆ నీళ్ల బావులు సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఉన్నాయి, దానికి ఈ గుట్ట కారణమని నేను అనడం లేదు. వెతికితేనే కనపడుతుంది అన్నదే అక్కడ నేర్చుకోవాల్సింది. 'అన్ని పరీక్షలూ బాగానే ఉన్నాయి' అని ఎవరైనా అంటే, 'ఏయే పరీక్షలు?' అని అడగాలి.

రెండోది నీళ్లు. 2012లో శాండీ తుఫాను, 2021లో ఐడా తుఫాను రారిటన్ ఏం చేయగలదో మనకు చూపించాయి. ఫెడరల్ ఆడిట్ సంస్థ జీఏఓ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఫెడరల్ ప్రభుత్వానికి చెందని సూపర్‌ఫండ్ స్థలాల్లో సుమారు 60 శాతం వరదలు, తుఫాను పోటు, కార్చిచ్చు లాంటి ముప్పు ఉన్న ప్రాంతాల్లోనే ఉన్నాయి. నది ఒడ్డున ఉన్న ల్యాండ్‌ఫిల్‌కు 1988 నాటి వాన లెక్కలు ఇంకా సరిపోతాయా అన్నది న్యాయమైన ప్రశ్న.

మూడోది మనుషులు. తమ సిబ్బంది 2025 జనవరిలో 16,155 ఉండగా 12,448కి తగ్గుతోందని, పరిశోధన విభాగాన్ని ఎత్తేస్తున్నామని 2025 జూలైలో ఈపీఏ స్వయంగా ప్రకటించింది. ఏ పార్టీ ప్రభుత్వమైనా పొదుపు చేయొచ్చు. కానీ కిన్-బక్ లాంటి చోట పనిచేసే కంపెనీ, దాన్ని తనిఖీ చేసే అధికారి వేరువేరుగా ఉండాలి. నివేదిక రాసేవాళ్లు అలాగే ఉండి, చదివి ప్రశ్నించేవాళ్లు తగ్గితే అయిదేళ్ల సమీక్ష ఒక తంతుగా మారే ప్రమాదం ఉంది.

కాపలా ఎందుకు ముఖ్యమో మిస్సోరీలోని సెయింట్ లూయిస్ తెలుగువాళ్లను అడగండి. అక్కడి బ్రిడ్జ్‌టన్ ల్యాండ్‌ఫిల్‌లో 2010 చివర్లో గ్యాస్ గొట్టాల్లో వేడి పెరిగింది. అలా లోపల చెత్త నిప్పు కనపడకుండా మాడుతోందని బయటపడింది. దాని పక్కనే వెస్ట్ లేక్ ల్యాండ్‌ఫిల్‌లో 1973లో పడేసిన రేడియోధార్మిక వ్యర్థాలు ఉన్నాయి. థర్మామీటర్ చూసే మనిషి లేకపోతే ఆ సంగతి ఎప్పుడు తెలిసేదో!

మన ఊళ్లోనూ ఇదే కథ

హైదరాబాద్ జవహర్‌నగర్ డంప్‌యార్డులో కూడా పాత చెత్త గుట్టకు మూత వేశారు. కోటి టన్నులకు పైగా చెత్త దాని కింద ఉంది. అక్కడి లీచేట్ దిగి మల్కారం చెరువు నల్లబడిన సంగతి ఆ చుట్టుపక్కల వాళ్లకు తెలుసు. మూసేసిన ల్యాండ్‌ఫిల్‌ను కనీసం 15 ఏళ్లు కనిపెట్టుకుని ఉండాలని 2016 నాటి భారత ప్రభుత్వ నిబంధనలు చెప్పాయి. అమెరికాలో మామూలు మున్సిపల్ ల్యాండ్‌ఫిల్‌కు ఆ గడువు 30 ఏళ్లు. సూపర్‌ఫండ్ స్థలానికైతే గడువే లేదు. పీసీబీలకు 15 ఏళ్లు, 30 ఏళ్లు అన్న లెక్క తెలియదు. ఇక్కడి నుంచి డబ్బు పంపి ఆ వైపు ప్లాటు కొనే ముందు, బోరు నీళ్ల పరీక్ష చేయించమని అన్నయ్యనో బావగారినో అడగండి. రిజిస్ట్రేషన్ ఖర్చుతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం.

మనం చేయగలిగింది

ఎడిసన్‌లో ఉండొద్దని నేను చెప్పడం లేదు. న్యూజెర్సీలో 100కు పైగా సూపర్‌ఫండ్ స్థలాలున్నాయి, దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. పారిపోవాలంటే రాష్ట్రమే వదలాలి. చేయాల్సింది తెలుసుకుని ఉండటం.

ఇల్లు కొనే ముందు ఈపీఏ వెబ్‌సైటులో జిప్‌కోడ్ కొట్టి దగ్గర్లోని స్థలాలు, వాటి తాజా అయిదేళ్ల సమీక్ష చూడండి. ఇంటికి సొంత బోరు ఉంటే, అమ్మకానికి ముందు నీటి పరీక్ష చేయించాలని న్యూజెర్సీ చట్టం చెబుతోంది. ఆ ఫలితాల కాగితం అడిగి తీసుకోండి. కుళాయి నీళ్లయితే ప్రతి ఏడాది జూలై 1లోగా నీటి సంస్థ నాణ్యత నివేదిక ఇవ్వాలి. బిల్లుతో పాటు వచ్చే ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేసే ముందు ఒకసారి తిరగేయండి.

ఇంకొకటి మన వంటింటి సంగతి. వేసవిలో రారిటన్ తీరానికి వెళ్లి చేపలు, పీతలు పట్టి తెచ్చి పులుసు పెట్టే మగవాళ్లు మన కుటుంబాల్లో ఉన్నారు. ఏ నీళ్లలో ఏ చేప ఎంత తినొచ్చో, గర్భిణులు, చిన్నపిల్లలు ఏవి తినకూడదో రాష్ట్రం సూచనలు ప్రచురిస్తుంది. పీసీబీలు ఉడికిస్తే పోవు. పీతలో పచ్చగా ఉండే లోపలి భాగంలోనే ఎక్కువ పేరుకుంటాయి. మనకు రుచి కూడా అందులోనే అని నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

సమీక్ష మొదలైనప్పుడు ఈపీఏ స్థానికులకు తెలియజేస్తుంది. అప్పుడు ప్రశ్నలు పంపొచ్చు. స్థానిక బృందాలు సొంతంగా నిపుణుడిని పెట్టుకోవడానికి 50,000 డాలర్ల వరకు గ్రాంటు ఇచ్చే పథకం కూడా ఉంది. సంక్రాంతికి ముగ్గుల పోటీ, ఉగాదికి పచ్చడి పంచడం ఇంత చక్కగా చేసే మన తెలుగు సంఘాలు ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరి నీళ్ల గురించి, నేల గురించి ఒక గంట పెట్టలేవా? రసాయనాలు, సివిల్, ఫార్మా చదివినవాళ్లు మనలో ప్రతి వీధికీ ఇద్దరున్నారు.

"ఇవన్నీ మాట్లాడితే ఇళ్ల రేట్లు పడిపోతాయి" అని ఒక స్నేహితురాలు అంది. ఆమె భయం నాకు అర్థమవుతుంది, ముప్పయ్యేళ్ల అప్పు తీర్చేది మనమే. కానీ రేటు పడేది మాట్లాడినందుకు కాదు, ఒకరోజు పేపర్లో చెడ్డ వార్త వచ్చినందుకు. ఆ వార్త రాకుండా చూసేది ఆ పంపు, ఆ బోరు, ఆ నివేదిక. అక్కడ విషం పోసినప్పుడు మనం ఈ దేశంలో లేం. కోర్టుకు వెళ్లిన వాళ్లు, పోరాడిన వాళ్లు వేరే. ఇప్పుడు ఆ ఊరి బళ్లలో మన పిల్లలు చదువుతున్నారు, ఆ ఊరి పన్ను మనం కడుతున్నాం. గుట్టతో పాటు కాపలా కూడా మన వంతుకే వచ్చింది.